గొర్రెలమ్మి బొచ్చు కొన్న పోతులయ్య

హిందూపురంలో సిద్ధలింగప్ప అంగడికి ఉన్ని తీసుకుపోయిన గొర్రెల కాపరి ఎవడూ ఒక్క మాటతో బయటపడింది లేదు. సిద్ధలింగప్ప మూటలో మోచెయ్యి దాకా దూర్చి అడుగునుంచి గుప్పెడు లాగేవాడు. దాన్ని పీకి, విదిలించి, రాలిన ఇసుకను తెచ్చినవాడి కళ్లముందే కాగితం మీద కుప్ప చేసేవాడు. పల్లేరు ముళ్లున్నాయనేవాడు, తడిసిందనేవాడు, నల్లది తక్కువ, బూడిదరంగుది ఎక్కువ అనేవాడు. అవన్నీ అయ్యాకే తూకం, ఆ తూకంలో మళ్లీ తరుగు. అట్లాంటి మనిషి 1950వ సంవత్సరం దసరా వెళ్లిన తరువాత పోతులయ్య మూటలు దించగానే లేచి వచ్చి, పైనుంచి ఒకసారి చెయ్యి ఆనించి, "కాటా ఎక్కించు" అన్నాడు.

పోతులయ్యకు అనుమానం వచ్చింది.

"ఏమప్పా, విప్పి చూడవా?"

"చూసేదేముండాదిలే. నీ బొచ్చు నాకు తెలీదా?"

ఏండ్ల తరబడి తెలిసిన బొచ్చునే ఏండ్ల తరబడి విప్పి చూసినవాడు ఆ మాట అన్నాడు. పైగా చేతిలో పెట్టిన దుడ్లు పోయినేటికంటే సగానికి సగం ఎక్కువ. పోతులయ్య మడకశిర బస్సెక్కి, అక్కడ దిగి నడుచుకుంటూ ఇల్లు చేరేవరకు సంతోషపడలేదు. నాకే ఇంత ఇచ్చినాడంటే ఈయనకు ఎంత వస్తాందో అనుకుంటూనే నడిచాడు.

ఆయనది రొళ్ల పక్కన చిన్న హట్టి. ఊరు అనడానికి లేదు. గొర్రెల మీద బతికే కొద్దిపాటి ఇళ్లు, వాటి పక్కనే కంప నాటిన దొడ్లు. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం. నాయన పోయేనాటికి పోతులయ్య చేతికి పెద్ద మందే వచ్చింది. ఎండాకాలంలో రైతులు పిలిచి తమ చేలల్లో మంద కట్టించుకునేవారు. గొర్రెలు అక్కడ పడుకున్నందుకు, ఆ ఎరువుకు బదులుగా రాగులో జొన్నలో కొలిచేవారు. ఏడాదికి రెండుసార్లు కత్తెర వేసిన బొచ్చులో కొంత హిందూపురం పోయేది, కొంత ఇంట్లోనే కంబళ్లయ్యేది. భార్య లక్ష్మక్క రాట్నం మీద వడికేది, పోతులయ్య గుంటమగ్గం మీద నేసేవాడు. పిల్లలు ఇద్దరు పుట్టి పసితనంలోనే పోయారు. తరువాత కలగలేదు. ఆ సంగతి ఇద్దరూ మాట్లాడుకునేవారు కాదు.

పోతులయ్య ఆశపోతు కాడు. అది ముందే చెప్పాలి, ఎందుకంటే తరువాత హట్టిలో ఆయనను అట్లాగే అనుకున్నారు. ఆయనకున్నది భయం. వానలు సరిగా పడక అప్పటికే రెండు మూడేళ్లయింది. కుంటల్లో నీళ్లు మాఘమాసానికే అడుగంటుతున్నాయి. మేత కోసం ఒకసారి ఆమడగూరు దిక్కు, ఒకసారి పావగడ దిక్కు మందను తోలుకుపోయి, సగం మందతో వస్తానో పూర్తి మందతో వస్తానో తెలియని బతుకు. ఆకాశం చూసే అలవాటు ఆయనకు ఎంతగా పట్టుకుందంటే, ఎవరితో మాట్లాడుతున్నా కళ్లు పడమటికే పోయేవి.

కార్తీకంలో ఈరన్న వచ్చాడు. ధర్మవరం మనిషి, సిద్ధలింగప్ప అంగడికి ఊళ్లు తిరిగి ఉన్ని కుదిర్చిపెట్టే దళారి. రైల్లో పెనుకొండకో హిందూపురానికో వచ్చి, అక్కడ సైకిలు బాడుగకు తీసుకుని పల్లెలు తిరిగేవాడు. ఎప్పుడూ కొనేవాళ్లను వెతుక్కుంటూ కాపరులే అంగడికి పోయేవారు గానీ, అంగడి మనిషి ఇంత చిన్న హట్టి దాకా రావడం ఎవరూ ఎరగరు. అందరూ మూగారు. అడిగింది మాత్రం పోతులయ్యే.

"ఎందుకు ఈరన్నా ఇంత ధర?"

"కొరియా అని ఒక దేశముండాది మామా. ఆడ యుద్ధం పడింది. మంచు కురిసే చోటంట. అమెరికా వాళ్లు సిపాయిలకు కోట్లు, రగ్గులు కుట్టించేదానికి లోకంలో ఉండే ఉన్ని అంతా కొని గిడ్డంగులకు ఎత్తుతాండారు."

"మన బొచ్చుతో కోట్లు కుట్టుకుంటే ఒళ్లు గీరుకుపోదా?"

"మనది కోట్లకు పోదు. మెత్తటి ఉన్ని అంతా ఆడికి పాయ. తివాసీలు నేసే మిల్లులకు ఏమీ మిగల్లా. వాళ్లిప్పుడు మొరటు బొచ్చు కోసం మన మీద పడినారు."

పోతులయ్యకు ఇది సులభంగానే అర్థమైంది. బియ్యం దొరకని ఏడు జొన్నల ధర పెరుగుతుంది, జొన్నలు దొరకని ఏడు కొర్రల ధర పెరుగుతుంది. అట్లాంటిదే ఇదీ. ఎంత దూరంలో ఉన్న చోటికి ఎంత దగ్గరి సంబంధమో అన్నదే ఆయనను ఆశ్చర్యపరిచింది. మందను మేపుతూ కూడా దాన్ని గురించే ఆలోచించేవాడు. ఈరన్న మళ్లీ వచ్చినప్పుడు, "యుద్ధం ఇంకా ఎన్నాళ్లుంటాదంటావు?" అని అడిగాడు.

"ఏండ్లు పడతాదంటాండారు. ఇప్పుడు చైనావాళ్లు గూడా దిగినారంట."

ప్రతి రాకకూ ధర పెరుగుతూ పోయింది. హట్టిలో జనం కత్తెరలకు పని పెట్టారు. కత్తెర వేసే కాలం కాకపోయినా, మంచు కురిసే రోజులైనా గొర్రెలను పడేసి గీశారు. పక్కింటి ఉలిగమ్మ మొగుడు పోయిన మనిషి. ఆమెకున్నవి కొన్ని గొర్రెలు. ఆమె కూడా అన్నింటినీ గీయించి, ఆ దుడ్లతో ఇంటికి కొత్త గడ్డి కప్పించుకుంది. చలికి వణికే గొర్రెపిల్లలను గోనెపట్టాల్లో చుట్టి పొయ్యి దగ్గర పెట్టుకోవలసి వచ్చింది. పోతులయ్య కత్తెర తీసిన రోజు లక్ష్మక్క దొడ్డి వాకిట్లో నిలబడింది.

"ఈ చలిలో వాటి ఒంటిమీద కత్తెర పెట్టొద్దు. నీ ఒంటిమీది కంబళి ముందు తీసేసి, ఆమైన వాటిది తియ్యి."

ఆయన కత్తెర లోపల పెట్టేశాడు. కానీ ఆలోచన మానలేదు. పుష్యమాసంలో ఒక రోజు, సంగటి తింటూ చెప్పాడు.

"మే, నేనొకటి అనుకుంటాండా. గొర్రె ఏడాదికి రెండు మాట్లు పిడికెడు పిడికెడు బొచ్చిస్తాది. దానికి నీళ్లు కావాల, మేత కావాల. గాలికుంటు వస్తే సస్తాది. వాన రాకపోతే సస్తాది. ఆ గొర్రెను అమ్మిన దుడ్లతో మూటలకు మూటలు బొచ్చు కొని మూల పెడితే, అది మేత అడగదు గదా."

"అడగదు. ఈనదు గూడా" అంది లక్ష్మక్క.

ఆయన నవ్వలేదు. వాన గురించి, పోయిన ఎండాకాలం గురించి, ఈరన్న చెప్పిన ఏండ్ల గురించి మళ్లీ మొదలుపెట్టాడు. చాలా రోజులు ఆ మాటే నడిచింది. చివరకు లక్ష్మక్కకు మొగుడి మొహంలో ఆ దిగులు చూడలేక విసుగొచ్చింది. నీ ఇష్టం అంది. తనకు పుట్టింటివాళ్లు పెట్టిన గొర్రెల్లో మిగిలిన ముసలిది ఒకటుంది, దాన్ని మాత్రం ముట్టవద్దంది.

పెనుకొండ సంతకు విడతలు విడతలుగా తోలాడు. ధర బాగానే పలికింది. చివరి విడత అమ్మి తాళ్లు భుజాన వేసుకుని ఇంటికి వచ్చిన రోజు దొడ్డిలో ఆ ముసలి గొర్రె ఒక్కటే నిలబడి ఉంది. గొర్రె ఒంటరిగా ఉండలేదు. అది రెండు రోజులు ఆగకుండా అరిచింది. తరువాత లక్ష్మక్క వెంట పడింది. ఆమె నీళ్లకు పోతే నీళ్లకు, పుల్లలకు పోతే పుల్లలకు పోయేది. హట్టిలో పిల్లలు చూసి నవ్వేవారు.

పోతులయ్య చుట్టుపక్కల హట్టిలన్నీ తిరిగి బొచ్చు కొన్నాడు. ధర చాలా ఎక్కువే అయినా కొన్నాడు. మూటలు మొదట మగ్గం ఉన్న గదిలో, తరువాత వంటింట్లో, తరువాత నట్టింట్లో చేరాయి. గొర్రెల జిడ్డు వాసన తప్ప ఇంట్లో మరేమీ తెలిసేది కాదు. మొగుడూ పెళ్లాం పంచలో పడుకునేవారు. శివరాత్రి నాటికి ఈరన్న వచ్చి, పాత ధరకు నాలుగింతలు చెప్పాడు.

"ఇచ్చెయ్యి మామా."

"ఉగాది కానీ."

ఈరన్న వెళ్లిపోయాక లక్ష్మక్క, "సగం ఇచ్చేసి ఉంటే బాగుండు" అంది.

"ఏరు సగం దాటి నిలబడితే ఎట్లమ్మే? దాటితే దాటల్ల" అన్నాడు పోతులయ్య.

ఉగాది వచ్చింది. ఈరన్న రాలేదు. పెళ్లిళ్ల కాలం, ఎక్కడో తిరుగుతుంటాడనుకున్నారు. చైత్రం పోయింది, వైశాఖం పోయింది. బొచ్చుకు పురుగు పట్టకుండా లక్ష్మక్క మూటలు విప్పి ఎండలో ఆరబోసి, వేపాకు వేసి మళ్లీ కట్టేది. వాన రాలేదు, ఈరన్నా రాలేదు. ఆషాఢంలో పోతులయ్య ఒక మూట నెత్తిన పెట్టుకుని హిందూపురం పోయాడు.

సిద్ధలింగప్ప అంగడిలో నిలబడటానికి చోటు లేదు. బేళ్లు దూలాల దాకా పేర్చి ఉన్నాయి. ఆయన వాటి మధ్య చిన్న పీట మీద కూర్చుని, ఎదురుగా ఉన్న కాఫీ తాగకుండా చూస్తున్నాడు. పోతులయ్య నెత్తిమీది మూట చూసి తల అడ్డంగా ఊపాడు.

"దించొద్దప్పా. మళ్లా ఎత్తుకునే కష్టం."

"ఏమైందప్పా?"

"అమెరికా వాళ్లు కొనేది నిలిపేసినారు. గిడ్డంగులు నిండినాయంట. నిండినాయని తెలిసిన పొద్దే లోకమంతా ధర కూలిపాయ. బొంబాయి నుంచి నాకు తంతి వచ్చేటప్పటికి నా బేళ్లు రైలెక్కి ఉండాయి. అవి మళ్లా ఎనక్కి పంపినారు." ఒక బేలు మీద చెయ్యి వేశాడు. "ఇప్పుడు ఆడ సంధి మాటలు గూడా మొదలు పెట్టినారంట."

"ఎవురు?"

"ఎవురేంది? కొట్లాడుకునేటోళ్లే."

"అంటే యుద్ధం నిలిచిపోతాదా?"

"నిలిచిపోతాదేమో. మంచిదే గదా."

"మంచిదే" అన్నాడు పోతులయ్య.

సిద్ధలింగప్ప తన కాఫీ లోటా ఆయన వైపు జరిపాడు. పోతులయ్య తాగలేదు. మూట నెత్తినుంచి దించకుండానే బయటికి వచ్చి, మడకశిర బస్సు ఎక్కవలసినవాడు నడవడం మొదలుపెట్టాడు. చాలా దూరం పోయాక గానీ బస్సు సంగతి గుర్తు రాలేదు.

మరునాడు మధ్యాహ్నానికి ఇల్లు చేరి, మూట దించి, లక్ష్మక్కకు జరిగింది చెప్పాడు. దుడ్ల సంగతి రెండు మాటల్లో ముగించాడు. ఆ తరువాత చెప్పిందే ఆమె బతికినన్నాళ్లూ తలచుకునేది.

"సిద్ధలింగప్ప సంధి అన్నాడు మే. ఆ మాట ఇనంగానే నా కడుపులో రాయి పడినట్టాయ. ఆడ ఎవురి బిడ్డలో సస్తాండారు. సచ్చేది నిలుస్తాదంటే నాకు కడుపులో రాయేంటికి పడల్ల? ఇన్నాళ్లూ నేను కోరుకుంటాండింది ఏందో అప్పుడు తెలిసె."

లక్ష్మక్క నీళ్ల చెంబు తెచ్చి చేతిలో పెట్టింది.

"తెలిసి కోరుకోలేదులే" అంది. "కాళ్లు కడుక్కో."

ఆ పేరు అప్పుడు పడింది. గొర్రెలమ్మి బొచ్చు కొన్న పోతులయ్య. పిలిచేటప్పుడు పోతులయ్య అనే పిలిచేవారు, వెనక నుంచి చెప్పేటప్పుడు పేరంతా చెప్పేవారు. రైతుల చేలల్లో మంద కట్టే పని లేదు కనుక రాగులూ లేవు. ఆయన వేరేవాళ్ల మందల వెంట కూలికి పోయాడు. తన దొడ్డిలో పుట్టి పెరిగిన గొర్రెలను గుర్తుపట్టగలిగిన మనిషి, ఇంకొకరి గొర్రెలను వాళ్లు చెప్పిన దిక్కుకు తోలాడు.

ఆ ఏడు వాన పూర్తిగా తప్పింది. మరుసటి ఏడు కూడా తప్పింది. మా వైపు పెద్దవాళ్లు ఆ కరువును ఇప్పటికీ గంజి కరువనే అంటారు, సర్కారు కేంద్రాలు పెట్టి గంజి పోయించింది కాబట్టి. గడ్డి పరక లేదు. కాపరులు మందలను తోలుకుని ఎటు పోయినా అటూ అదే ఎండ. దారిపొడుగునా గొర్రెలు పడిపోయాయి. మిగిలినవాటిని తోలు ఖరీదుకు అమ్ముకున్నారు. ఉలిగమ్మ గొర్రెలు ఒక్కటీ మిగల్లేదు. లక్ష్మక్క ముసలి గొర్రె ఆ మొదటి ఎండాకాలంలోనే, ఆమె కుంటకు పోయి వచ్చేలోపు వాకిట్లో పడుకుని ప్రాణం విడిచింది.

అప్పుడు హట్టిలో మాట తిరిగింది. పోతులయ్యకు ముందుచూపు ఉండాదన్నారు. మంచి ధరకు అమ్మేసుకున్నాడు, మనమే తెలివి లేక చావగొట్టుకున్నామన్నారు. ఒక ముసలాయన ఈ మాట ఎదురుగానే అన్నాడు. పోతులయ్య, "లేదు తాతా. ఒక గుంతలో పడబోయి ఇంకొక గుంతలో పడితి. అంతే" అన్నాడు.

ఇల్లు నిండా మాత్రం బొచ్చు అట్లాగే ఉంది. ఎవరూ కొనని బొచ్చు. ఒక రోజు లక్ష్మక్క నట్టింట్లో మూట విప్పి, దూదేకులవాడిలా పీకుతూ కూర్చుంది. పోతులయ్య వాకిట్లోనే నిలబడిపోయాడు.

"ఏం చేస్తాండావు?"

"కంబళి చేస్తాండా. అమ్మేదానికని తెచ్చుంటివి, అమ్ముడు పోలా. బొచ్చు బొచ్చే గదా. మన అమ్మోళ్లు, మన అవ్వోళ్లు దీన్ని ఏం చేసిరో నేనూ అదే చేస్తా."

"కరువులో కంబళి ఎవురు కొంటారు?"

"అది నువ్వు చూడు. నేను వడుకుతా."

ఒంటరిగా ఆ కొండ తరిగేది కాదు. ఉలిగమ్మను పిలిచింది. గొర్రెలు పోయి చేతిలో పని లేక కూర్చున్న ఆడవాళ్లంతా ఒకరి తరువాత ఒకరు రాట్నాలు తెచ్చుకుని పంచలో చేరారు. చేసిన పనికి కూలి ఇవ్వడానికి ఆ ఇంట్లో ఏమీ లేదని వాళ్లకూ తెలుసు. అమ్ముడైన కంబళ్లలో ఎవరి వంతు వారికని లక్ష్మక్క చెప్పింది. పోతులయ్య మూటలు పక్కకు జరిపి మళ్లీ మగ్గం గుంటలోకి దిగాడు. హట్టిలో మగవాళ్లు ఇంకో మూడు మగ్గాలు బిగించారు. చింతపిక్కలు ఉడికించి గంజి చేసి పడుగు దారాలకు పట్టించేవారు. ఆ చింతపిక్కల గంజి వాసన చూసి పిల్లలు తినేదేమో అని పరుగెత్తుకొచ్చేవారని ఉలిగమ్మ చాలా ఏండ్ల తరువాత చెబుతూ కళ్లు తుడుచుకునేది.

మొదటి కంబళ్లు మడకశిర సంతలో పోలేదు. హిందూపురంలోనూ పోలేదు. సిద్ధలింగప్ప రెండు తీసుకున్నాడు, మొహమాటానికి. తీసుకుంటూ ఒక మాట చెప్పాడు. మలెనాడులో, చిక్కమగళూరు దిక్కున, కాఫీ తోటల్లో ఆరు నెలలు వానేనని, ఆడ కూలివాళ్లు కంబళి కప్పుకోకుండా చెట్ల కిందికి దిగరని. మన దిక్కు నుంచి కరువుకు ఎంతమందో ఆ తోటలకే పోతున్నారు.

"కాఫీకి మంచి రేటు ఉండాదప్పా ఇప్పుడు. బయటి దేశాల్లో తాగేటోళ్లు ఎక్కువైనారు, దొరికేది తక్కువాయ. తోట దొరల చేతిలో దుడ్లుండాయి. బొచ్చుకు నాశనమైన లోకమే కాఫీకి బాగుండాది. పోయి సూడు."

1952 ఎండాకాలం చివర, పోతులయ్య హిందూపురంలో రైలెక్కాడు. కూలికి పోయే కుటుంబాలతో పెట్టె నిండి ఉంది. ఆయన కంబళ్ల మోపు మీదే కూర్చున్నాడు. బెంగళూరు దాకా రైలు, ఆ పైన బస్సు, ఆ పైన నడక. అన్ని చెట్లు, అంత పచ్చదనం ఒకేచోట చూడటం ఆయనకు అదే మొదలు. గొర్రెలు లేని పచ్చిక చూసి మొదట బాధ కలిగిందని చెప్పుకునేవాడు. కన్నడం వచ్చు కనుక మాటకు ఇబ్బంది లేదు. ఒక తోట యజమాని కంబళిని బక్కెట్లో ముంచి, ఎత్తి, నీళ్లు లోపలికి దిగలేదని చూసుకుని, మోపంతా కొన్నాడు. వానలు మొదలయ్యేలోపు ఇంకా ఎన్ని తేగలవని అడిగాడు.

అట్లా రెండు వానాకాలాలు నడిచింది. ఇంట్లో మూటలు తరుగుతూ వచ్చి నేల కనబడింది. బొచ్చు కొన్న ధర రాలేదు. అది ఎప్పటికీ రాదు. కానీ పంచలో రాట్నం తిప్పిన ప్రతి ఇంటికీ ఆ కరువులో రాగులు చేరాయి. లక్ష్మక్క తన వంతుకు వచ్చినదాన్ని ఖర్చు కానివ్వలేదు. వానలు మళ్లీ పడి, ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, ఆమె మొగుడితో కలిసి పెనుకొండ సంతకు పోయింది. ఆడ గొర్రెపిల్లలను ఒక్కొక్కదాన్నీ నోరు తెరిచి పళ్లు చూసి, నడిపించి చూసి, తనే బేరం చేసింది. తోలుకుని వచ్చేటప్పుడు పోతులయ్య ముందు నడిచాడు, ఆమె వెనక నడిచింది. దారిలో ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. మొదటి ఈతకు ఆయన దొడ్డి వాకిట్లోనే పడుకున్నాడు.

అప్పటినుంచి కత్తెర వేసిన బొచ్చులో సగం అమ్మేవారు, సగం కంబళ్లు చేసేవారు. మంద పెరిగింది. ఉలిగమ్మకు కొన్ని గొర్రెపిల్లలను పంచుకు ఇచ్చారు. పుట్టినవాటిలో సగం ఆమెవి, సగం వీళ్లవి.

1962లో చైనాతో యుద్ధం వచ్చింది. ఈసారి కొరియా అనే తెలియని పేరు కాదు, మన దేశమే. మంచుకొండల్లో మన సిపాయిలకు రగ్గులు చాలలేదని వార్త. ఉన్ని ధర మళ్లీ లేచింది. ఈరన్న మళ్లీ వచ్చాడు, జుట్టు నెరిసి, సొంత సైకిలు మీద. హట్టిలో పడుచువాళ్లు దాచిపెడదామా, ఇంకా పెరుగుతుందా అని పోతులయ్య చుట్టూ మూగారు.

"నాకేం తెలుసప్పా" అన్నాడాయన. "ఆ పొద్దూ తెలీదు, ఈ పొద్దూ తెలీదు."

తన బొచ్చు మాత్రం కత్తెర వేసిన రోజే ఈరన్న చెప్పిన ధరకు ఇచ్చేశాడు. ఆ తరువాత పొద్దుగూకే వేళకు రొళ్లకు నడిచిపోయి పంచాయితీ రేడియో ముందు కూర్చునేవాడు. వార్తలు పూర్తిగా అర్థమయ్యేవి కాదు. పక్కవాడిని అడిగి తెలుసుకునేవాడు. చైనావాళ్లు వెనక్కి మళ్లుతున్నారు, కాల్పులు నిలిచాయి అని చెప్పిన సాయంత్రం ఆయన తువ్వాలు దులుపుకుని లేచాడు. ఆ వారంలోనే ధర కొంత జారింది. ఈరన్న కనబడినప్పుడు నవ్వుతూ అడిగాడు.

"ముందే ఎట్ల కనిపెట్టినావు మామా?"

"కనిపెట్టలేదు ఈరన్నా. ఇంట్లో బొచ్చు పెట్టుకుని ఆ రేడియో ఇనేది నాతో కాదు."

ఈరన్న నవ్వు ఆపేశాడు.

సిద్ధలింగప్ప ఆ మధ్యలో పోయాడు. కొడుకులు ఉన్ని వ్యాపారం తగ్గించి పట్టుగూళ్లలోకి దిగారు. ఈరన్న మాత్రం ఉన్ని వదలలేదు. 1966 ఎండాకాలం చివర వచ్చి, కొంచెం ఎక్కువ ధర చెప్పాడు. అప్పటికి పోతులయ్యకు మోకాళ్లు పట్టేసి, ఉలిగమ్మ కొడుకే మందను తోలుతున్నాడు. లక్ష్మక్క మూట బయట వేసి, ఈరన్నకు చాప పరిచింది.

"ఇప్పుడు యాడ యుద్ధం?" అని అడిగాడు పోతులయ్య.

"యుద్ధం లేదు మామా. సర్కారు రూపాయి విలువ తగ్గించింది. అందుకని బయటి దేశాల వాళ్లకు మన సరుకు అగ్గువాయ. తివాసీలు ఎక్కువ కొంటారని మిల్లుల వాళ్లు ఇప్పుడే బొచ్చు పట్టుకుంటాండారు."

"రూపాయి విలువ తగ్గితే బొచ్చు ధర పెరుగుతాదా?"

"అవును."

లక్ష్మక్క అందుకుంది. "జొన్నల ధరో?"

"అదీ పెరుగుతాదక్కా."

"నూనె?"

"నూనె గూడా."

"అయితే ఇంగ మాకు మిగిలేదేంది?"

ఈరన్న తలగోక్కున్నాడు. "నాకూ సరిగ్గా తెలీదక్కా. ధర్మవరంలో ఒకాయన చెప్పినట్టు మీకు చెప్తి. ఆయనకు ఎవురు చెప్పిరో."

ముగ్గురూ నవ్వుకున్నారు. ఈరన్న మూట విప్పి, గుప్పెడు తీసి, పీకి, ఎండకు ఎత్తి చూశాడు. ఈసారి ముళ్లు ఎక్కువగా ఉన్నాయన్నాడు. లేవని పోతులయ్య అన్నాడు. కొంతసేపు ఇద్దరూ ముళ్ల మీద వాదించుకుని, ఎవరి మాటా పూర్తిగా నెగ్గకుండా ఒక ధరకు కుదిరారు. ఈరన్న మూటను సైకిలు వెనక కట్టబోతుంటే లక్ష్మక్క ఆగమంది. ఎండ దిగాక పోవచ్చు, సంగటి దించుతున్నాను, ముద్ద తిని పొమ్మంది. ఆయన చాప మీద మళ్లీ కూర్చున్నాడు. పోతులయ్య గోడకు ఆనుకుని, పడమటి దిక్కున లేస్తున్న చిన్న మబ్బును చూస్తూ, ధర్మవరంలో వానలు ఎట్లున్నాయని అడిగాడు.